విమానయానము చేయు బాలబాలికలు – గుర్తింపు పత్రములు

హైదరాబాదు నగరమున యూసుఫ్‌గూడకును జూబిలీ హిల్సుకును నడుమనున్న కృష్ణానగరు, చలనచిత్ర శ్రామికుల పేటగా ప్రసిద్ధి గాంచినది. అన్నపూర్ణా స్టూడియోకు సమీపముననున్న ఈ సందులలో నృత్యకారులు, సహాయ దర్శకులు, మేకప్ పనివారు, జూనియర్ ఆర్టిస్టులు ఇరుకు గదులలో కాపురముండి, తెల్లవారకమునుపే పని వెదకికొనుచు బయలుదేరుదురు. వారిలో ఇంకను 18 ఏండ్లు నిండని పిల్లలును కలరు. గుంపులో నర్తించుటకో, నాయకుని చిన్ననాటి వేషము వేయుటకో వారికి పిలుపు వచ్చును. పూర్వము పొరుగూరి చిత్రీకరణమునకు బస్సో రైలో ఎక్కెడివారు. ఇప్పుడు ముంబయికిని, చెన్నైకిని, విశాఖపట్టణమునకును విమానముపై పోవుట వింత కాదు. టిక్కెట్టు నిర్మాణ సంస్థవారు కొందురు. గుర్తింపు పత్రమును మాత్రము ప్రయాణికుడే చూపవలెను. ఆ పత్రమును గూర్చి తల్లిదండ్రులకును, పిల్లలకును, వారిని వెంటబెట్టుకొని పోవువారికిని కొన్ని సంగతులు మనవి చేయదలచితిమి.

శంషాబాదు విమానాశ్రయపు వాకిట పరిశీలన చేయువారు కేంద్ర పారిశ్రామిక భద్రతా దళమువారు. వారు ముఖ్యముగా చూచునవి మూడు. పత్రము ప్రభుత్వము అంగీకరించినదేనా? అందలి ఛాయాచిత్రము ఎదుటనున్న మనిషిదేనా? అందలి పేరును టిక్కెట్టుపై పేరును ఒక్కటేనా? వీనిలో ఏ యొక్కటి తప్పినను ప్రవేశము దొరకుట కష్టము. విమానము ఒకరి కొరకై ఆగదు. ఆనాటి కూలి పోవును. మరునాటికి ఆ వేషము వేరొకరిదగును.

ఏ పత్రములు చెల్లునో 2017 అక్టోబరులో బ్యూరో ఆఫ్ సివిల్ ఏవియేషన్ సెక్యూరిటీ వారు స్పష్టపరచిరి. పాస్‌పోర్టు, వోటరు కార్డు, ఆధార్ కార్డు లేక ఫోనులోని ఎం-ఆధార్, పాన్ కార్డు, డ్రైవింగు లైసెన్సు, ఉద్యోగపు గుర్తింపు కార్డు, విద్యార్థి గుర్తింపు కార్డు, ఛాయాచిత్రము గల జాతీయ బ్యాంకు పాసుబుక్కు, పింఛను కార్డు, వికలాంగుల గుర్తింపు కార్డు – ఈ పదింటిలో ఏదైన నొక్కటి చాలును. అయితే అసలు పత్రమే చూపవలెను. నకలు కాగితమును, ఫోనులో తీసికొన్న కార్డు బొమ్మను నమ్ముకొని బయలుదేరరాదు.

పది యన్నమాటయే గాని, ఈడు నిండని పిల్లలకు అందులో దక్కునవి కొన్నియే. వోటరు కార్డు 18 ఏండ్లకు గాని రాదు. ఉద్యోగపు కార్డు, పింఛను కార్డు వారికి దూరము. డ్రైవింగు లైసెన్సు 16 ఏండ్లకు లభించుననుట నిజమే గాని, అది గేర్లు లేని 50 సీసీ లోపు బండికి మాత్రమే. పాన్ కార్డు పిల్లలకును ఇత్తురు. కాని మైనర్ల కార్డుపై ఛాయాచిత్రము ముద్రింపరు గనుక ముఖము పోల్చి చూచుటకు అది అక్కరకు రాదు. జనన ధ్రువపత్రమునకును ఇదే లోపము. అది వయస్సును చెప్పును గాని మనిషిని చూపదు. పసిబిడ్డ వయస్సు నిరూపించుటకు పనికివచ్చునేమో గాని, 15 ఏండ్ల బాలుడు ఒంటరిగా పోవునపుడు దానినే ఆధారము చేసికొనరాదు. ఇక మిగిలినవి విద్యార్థి కార్డు, ఆధార్, పాస్‌పోర్టు, బ్యాంకు పాసుబుక్కు; అర్హులైనవారికి వికలాంగుల కార్డు.

చెల్లుబాటగు గుర్తింపు పత్రముగల తల్లితోగాని తండ్రితోగాని ప్రయాణము చేయు మైనరు వేరుగా పత్రము చూపనక్కరలేదని పై ఉత్తరువే చెప్పుచున్నది. ఇచట తల్లిదండ్రులు అను మాటను గమనింపవలెను. మేనమామ, నృత్యము నేర్పు మాస్టరు, ప్రొడక్షన్ మేనేజరు ఎంత ఆప్తులైనను ఈ మినహాయింపు వారి వెంట వచ్చు పిల్లలకు వర్తింపదు. అట్టివారితో పోవునపుడు పిల్లలకు సొంత పత్రము ఉండియే తీరవలెను. విమాన సంస్థలు సాధారణముగా 12 ఏండ్లు నిండినవారికి పెద్దల టిక్కెట్టే ఇచ్చును. 5 ఏండ్లు నిండి 12 నిండనివారు ఒంటరిగా పోవలెనన్న, సంస్థవారికి ముందే తెలిపి, అప్పగించువారెవరో, దిగినచోట అందుకొనువారెవరో వ్రాసి యీయవలసి యుండును. అంతకు పెద్దవారు టిక్కెట్టు విషయమున పెద్దలే. లోకజ్ఞానమున మాత్రము పిల్లలే. చిక్కంతయు ఇందే కలదు.

అన్నిటికంటె ఎక్కువ తిప్పలు తెచ్చునది పేరు. మన తెలుగువారికి ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనుక. టిక్కెట్టు ఫారములో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్లు ఉండును. ఒకరు ఇంటిపేరును ముందు గడిలో వ్రాయుదురు, మరియొకరు వెనుక గడిలో వ్రాయుదురు. బడి కార్డుపై ఇంటిపేరు ఒక్క అక్షరమై కూర్చుండును; ఆధార్‌లో పూర్తిగా నుండును. ఇది చాలదన్నట్లు చిత్రసీమలో తెరపేరు పెట్టుకొను ఆచారమొకటి. కొణిదెల శివశంకర వరప్రసాద్ అను యువకుడు చిరంజీవియై లోకమునకు తెలిసెను. తెరపేరు ప్రేక్షకుల కొరకు. విమానాశ్రయపు వాకిట చెల్లునది పత్రమునందలి పేరే. నలుగురు పిలుచు ముద్దుపేరుతో మేనేజరు టిక్కెట్టు కొన్నచో, తప్పు మేనేజరుది, నష్టము పిల్లవానిది. కావున టిక్కెట్టు కొనువారికి పేరు నోటితో చెప్పరాదు. ఏ పత్రము చూపదలచితిమో దానిని ఎదుట పెట్టి, అక్షరము అక్షరము చూచి వ్రాయింపవలెను. టిక్కెట్టు చేతికి రాగానే మరల సరిచూచుకొనవలెను. తప్పున్నచో అప్పుడే సంస్థవారికి తెలుపవలెను గాని, విమానమెక్కు గడియ వరకు దాచిపెట్టరాదు.

ఆధార్ గలవారును రెండు సంగతులు గుర్తుంచుకొనవలెను. పిల్లల వ్రేలిముద్రలు, కనుపాప గుర్తులు, ఛాయాచిత్రము 5 ఏండ్లు నిండినపుడు ఒకసారియు, 15 నిండినపుడు మరియొకసారియు తప్పక నవీకరింపవలెను. ఆరేండ్లనాటి ముఖమునకును పదునారేండ్ల ముఖమునకును పోలిక వెదకుట ఎవరికైనను కష్టమే గదా! రెండవది ఫోను సంగతి. పిల్లల ఆధార్‌కు తరచుగా తండ్రి ఫోను నంబరే జతపడియుండును. పిల్లవాడు కృష్ణానగరులో, తండ్రి ఊరిలో నున్నపుడు, ఎం-ఆధార్ తెరచుటకు కావలసిన రహస్య సంఖ్య ఊరికే పోవును. కావున ఆ పనిని ప్రయాణమునకు చాల ముందే ముగించుకొనవలెను. 2022 డిసెంబరున దేశములో ఆరంభమైన డిజి యాత్ర, ముఖమును చూచియే ద్వారము తెరచు ఏర్పాటు, అది ఐచ్ఛికము. దానిని వాడుకొనువారును అసలు పత్రమును వెంట నుంచుకొనుట మేలు.

చదువు మానివేసిన పిల్లలకు విద్యార్థి కార్డు ఉండదు. ఇల్లు విడిచి వచ్చినవారి ఆధార్ ఇంటనే యుండిపోవును. పదింటిలో ఒకటియు లేనివారికి 2017 నాటి ఉత్తరువు ఒక దారి చూపినది. కేంద్ర లేక రాష్ట్ర ప్రభుత్వపు గ్రూపు-ఏ గెజిటెడ్ అధికారి తన కార్యాలయపు కాగితముపై, ధ్రువీకరించిన ఛాయాచిత్రముతో గుర్తింపు పత్రమును ఈయవచ్చును. అయితే అది రాత్రి అడిగిన తెల్లవారునప్పటికి లభించునది కాదు.

ఇదంతయు ఉత్త తంటాయని కొందరు విసుగుకొందురు. కాని పిల్లలను ఆశపెట్టి ఊరు దాటించువారును లోకమున కలరు. ఈ బిడ్డ యెవరు, ఏ పేరుతో పోవుచున్నది అని యడుగు వాకిలి ఒకటి యుండుట ఆ బిడ్డకు రక్షయే. 14 ఏండ్లలోపు బాలలు నటించుటకును చట్టము ఇట్టి కట్టుబాట్లే చేసినది. 1986 నాటి చట్టమును 2016లో సవరించి, 2017లో నియమములను మార్చిరి. వాని ప్రకారము జిల్లా మేజిస్ట్రేటు అనుమతి కావలెను. పని దినమునకు 5 గంటలకును, విరామము లేక 3 గంటలకును మించరాదు. ఐదుగురు బాలలకు కనీసము ఒక బాధ్యతగల వ్యక్తి వెంట నుండవలెను. ఆదాయమున కనీసము 20 శాతమును బాలుని పేర జాతీయ బ్యాంకులో నిలువ చేయవలెను. మేజిస్ట్రేటు అనుమతి పని చేయుటకే గాని విమానమెక్కుటకు గుర్తింపు పత్రము కాదని గూడ తెలిసికొనవలెను.

చివరగా ఒక్క మాట. పిల్లల పత్రములను మేనేజరు సంచిలోనో, మాస్టరు బీరువాలోనో విడువరాదు. చూపుటకు ఇచ్చినను మరల తీసికొనవలెను. పత్రము పరుల చేతిలోనున్న బాలిక, పని నచ్చకున్నను తిరిగి ఇంటికి రాలేదు. తన పేరు సరిగా వ్రాసియున్న కార్డు తన చేతనే యున్నచో, పోవుటకును తిరిగి వచ్చుటకును తానే కర్త్రి. తల్లిదండ్రులు బిడ్డకు కట్టి యీయవలసిన వస్తువులలో బట్టలకంటె ముందు దానినే ఉంచుదురుగాక.