రజాయి కొంటున్నారా? లోపల ఏం నింపారో చూసి కొనండి



దసలి రెండో పంట కాయ దింపే రోజులు వచ్చేసరికి మన సిరొంచ తాలూకాలో రాత్రిళ్లు చలి మొదలవుతది. ప్రాణహిత ఒడ్డు ఊళ్లల్ల, అడవిలో పురుగు కాపలాకు గుడిసెలో పడుకునేవాళ్లకు ఆ చలి సంగతి మేము చెప్పనక్కర లేదు. సరిగ్గా అప్పుడే ఫోన్లల్ల రజాయిల ప్రకటనలు కూడా వస్తయి. ‘డౌన్ కంఫర్టర్’ అని ఒకటి, ‘సిల్క్ కంఫర్టర్’ అని ఇంకొకటి. ఫోటోల రెండూ ఒక్కతీరే ఉంటయి, తెల్లగా, ఉబ్బుగా. ధరలో మాత్రం ఎన్నో రెట్ల తేడా. పెళ్లి సామానుకో, పట్నంలో చదివే పిల్లలకో కొందామనుకునేవాళ్లు ఏది మంచిదని అడుగుతున్నరు.

బట్టల దుకాణం సంగతి మన పేపర్‌లో ఎందుకు అనుకోకండి. రజాయి వెచ్చదనం లోపల నింపిన సరుకులో ఉంటది. ఆ సరుకుల్లో ఒకటి మన కాయే. గ్రైనేజీలో చిలుక బయటికి వచ్చినంక మిగిలిన బొక్క కాయను మనం తుక్కు కింద లెక్క కట్టి అమ్ముతం. అలాంటి కాయ నూగే రజాయిలో పడితే దాని పేరు, ధర రెండూ మారిపోతయి. అందుకే కొనేవాళ్లుగా ఒకసారి, అమ్మేవాళ్లుగా ఒకసారి ఈ లెక్క చూడాలె.

ముందు డౌన్ అంటే ఏందో చూద్దాం. బాతుల, పెద్దబాతుల రొమ్ము మీద, పై ఈకల చాటున ఉండే మెత్తటి నూగు అది. ఈకకు ఉన్నట్టు దానికి గట్టి కాడ ఉండదు. నడుమ నుంచి అన్ని దిక్కులా సన్నని పోగులు విచ్చుకొని ఉంటది. ఆ పోగుల మధ్య గాలి ఆగిపోతది, ఆగిన గాలే మనల్ని వెచ్చగా ఉంచుతది. గొంగడైనా, దూది బొంతైనా, పట్టు రజాయైనా పనిచేసే తీరు ఇదే. ఎంత తక్కువ బరువుతో ఎంత గాలిని పట్టి ఉంచుతది అన్నదాంట్లోనే తేడా.

దీన్ని కొలిచే లెక్క పేరు ఫిల్ పవర్. ఒక ఔన్సు, అంటే సుమారు 28 గ్రాముల నూగు ఎన్ని ఘనపు అంగుళాల చోటు నింపుతదో ఆ అంకె చెప్తది. 600 ఫిల్ పవర్ అంటే 28 గ్రాముల నూగు దాదాపు 10 లీటర్ల బకెట్‌ను నింపుతది. 800 అంటే అదే 28 గ్రాములు 13 లీటర్లు నింపుతది. అంకె పెరిగినకొద్దీ అంతే వెచ్చదనానికి బరువు తగ్గుతది, ధర పెరుగుతది. 600 దాటితే మంచి రకమే. మన దిక్కు చలికి 800 కోసం డబ్బు పెట్టే పని లేదు. అంకె అసలే రాయనిదాన్ని పక్కన పెట్టండి.

చీటీ మీద నూగు ఎంత శాతం, ఈక ఎంత శాతం అన్నది కూడా చూడాలె. ఈక చవక, బరువు ఎక్కువ, కాడలు గుడ్డలోంచి గుచ్చుతయి. రెండు అరచేతుల మధ్య గట్టిగా నొక్కి చూడండి, గుచ్చుకుంటే ఈక ఉన్నట్టే. నొక్కి వదిలినంక మెల్లగా మళ్లీ ఉబ్బాలె. ముక్కు దగ్గర పెట్టుకుంటే తడిసిన కోళ్ల గూడు వాసన రావద్దు. పైగుడ్డ నేత దగ్గరగా ఉండాలె. కుట్టు దగ్గర రుద్దినప్పుడు నూగు బయటికి వస్తే, అది వాడినకొద్దీ ఖాళీ అయితది. కుట్టు తీరు కూడా ముఖ్యం. పైగుడ్డను, కిందిగుడ్డను కలిపి నేరుగా కుట్టేస్తే ఆ గీత వెంబడి నూగు ఉండదు, చలి అక్కడి నుంచే దూరుతది. మంచి వాటిల్ల రెండు గుడ్డల నడుమ నిలువు పట్టీలు పెట్టి గదులు గదులుగా కుడతరు. వేళ్లతో తడిమితే ఆ పట్టీ తెలుస్తది.

ఇంత చెప్పినా, సిరొంచలో ఉండేవాళ్లకు డౌన్ కొనమని మేము చెప్పం. నూగు తడిస్తే అంటుకుపోతది, గాలి పట్టదు. మన ముసురు రోజులల్ల దాన్ని పూర్తిగా ఆరబెట్టడం కష్టం, లోపల తేమ నిలిస్తే వాసన, బూజు. ఉతకడానికి పెద్ద మిషన్, ఆరబెట్టడానికి ఇంకో మిషన్. ఇంతా చేసి దాన్ని కప్పుకునేది ఏడాదికి రెండు మూడు నెలలు. మంచు పడే దేశంలో ఉన్న పిల్లలకైతే అది సరైన వస్తువే.

ఇక పట్టు రజాయి. చైనాలో, ముఖ్యంగా సుజౌ వైపు, ఇది పాత పని. రెండు మల్బరీ పురుగులు కలిసి ఒకే గూడు కట్టుకుంటే ఆ జంట గూటి దారం చిక్కుపడి రీలింగుకు సరిగా రాదు. చంద్రికల మీద పురుగులు కిక్కిరిస్తే జంట గూళ్లు ఎక్కువ వస్తయని మల్బరీ రైతులకు తెలిసిందే. అక్కడ ఆ గూళ్లే రజాయికి వాడతరు. సోడా వేసిన నీళ్లల్ల ఉడకబెట్టి జిగురు తీస్తరు. ప్యూపాను తీసేసి, తడి గూటిని చేతులతో విప్పి విల్లులాంటి చట్రం మీద సాగదీస్తరు. ఒకదాని మీద ఒకటి కొన్ని గూళ్లు వేస్తే టోపీలాంటి పొర తయారైతది. ఆరినంక నలుగురు నాలుగు మూలలు పట్టుకొని దాన్ని మంచమంత వెడల్పుకు లాగుతరు. సాలెగూడంత పలుచగా వస్తది. అలాంటి పొరలు పదుల కొద్దీ పేర్చితే ఒక రజాయి. పోగు పొడుగ్గా ఉంటది కాబట్టి దూది బొంతలాగా తొందరగా ముద్దలు కట్టదు, ఏడాదికోసారి ఏకించే పని పడదు.

ఓక్ ఆకు తినే పురుగు కాయతో చేసే రజాయిలు కూడా ఆ దేశంలో ఉన్నయి. మన దసలి పురుగుకు అది దగ్గరి చుట్టం. మల్బరీ కంటే పోగు మొరటు, సహజంగా గోధుమ రంగు, ధర తక్కువ.

మన దగ్గర దసలి బొక్క కాయ ఇంకో దారిన పోతది. కొంత చేత్తో లాగి తీసే ఘీచా నూలుకు, కొంత మిల్లుల్లో వడికే స్పన్ నూలుకు. హైదరాబాదులో కుసుమ రాజయ్య గారు పేరు తెచ్చిన ‘అహింస పట్టు’ కూడా చిలుక బయటికి పోయిన గూళ్లతో నేసేదే. దసలి చిలుక కాయను కొరికి బయటికి రాదు. కాడ దగ్గర జిగురును కరిగించే రసం వదిలి, పోగులను పక్కకు తోసుకొని వస్తది. అందుకే శుభ్రమైన బొక్క కాయలో పోగు పెద్దగా తెగి ఉండదు. ఎలుక కొరికిన కాయ సంగతి వేరు.

ఒక చిన్న లెక్క వేద్దాం. దసలి గుల్ల ఒకటిన్నర గ్రాములు అనుకుంటే వెయ్యి కాయల గుల్ల కిలోన్నర. జిగురు, కాడ, తుక్కు పోగా కిలో నూగు మిగిలిందనుకోండి. ఇద్దరు కప్పుకునే చలికాలం రజాయికి కిలోన్నర నుంచి రెండు కిలోలు పడతది. అంటే ఒక్క రజాయిలో 1500 నుంచి 2000 దసలి కాయలు. మల్బరీ గుల్ల అర గ్రాము కూడా ఉండదు కాబట్టి గూళ్లు మూడు నాలుగింతలు కావాలె. ఇప్పుడు ప్రకటన వైపు చూడండి. రెండు కిలోల స్వచ్ఛమైన పట్టు రజాయి రెండు వేలకే ఇస్తమంటే కాయకు రూపాయి పడ్డది. ఉడకబెట్టిన కూలీ, సాగదీసిన కూలీ, పైగుడ్డ, రవాణా, దుకాణం లాభం అన్నీ ఆ రూపాయిలోనేనా? ఈ లెక్క పట్నం గిరాకీకి తట్టదు, మనకు తట్టాలె.

‘సిల్కీ’, ‘సిల్క్ టచ్’, ‘సిల్క్ ఫీల్’ అని రాసి ఉంటే అది పాలిస్టరే అనుకోండి. ‘సిల్క్’ అని మాత్రమే ఉంటే పైగుడ్డా, లోపలి నూగా అని అడగండి. నూగు బరువు ఎన్ని గ్రాములో బిల్లు మీద విడిగా రాయించుకోండి, ఎందుకంటే మొత్తం బరువులో గుడ్డ కూడా కలుస్తది. సిల్క్ మార్క్ చీటీ ఉంటే మంచిది. మంచి పట్టు రజాయికి ఒక పక్కన చిన్న జిప్పు పెడతరు, లోపల చూసుకోవడానికే. జిప్పు తీసి చిటికెడు నూగు లాగండి. పొడుగ్గా సాగుతూ వస్తే మంచి రకం, పొట్టి ముక్కలుగా ఊడి వస్తే మిల్లు తుక్కు నింపినట్టు. ఆ చిటికెడు నూగును బయట కాల్చి చూడండి. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వస్తది, బూడిద వేళ్ల మధ్య పొడైతది. పాలిస్టరైతే కరిగి గట్టి పూసలాగా మిగులుతది. ఉన్ని, ఈక కూడా వెంట్రుక వాసనే ఇస్తయి, కాబట్టి ఒక్క వాసన మీద నమ్మకం పెట్టొద్దు, పోగును కూడా చూడండి.

కాపలా గుడిసెకు మాత్రం ఇవేవీ వద్దు. అక్కడ గొంగడే సరి, మంచుకు, పొగకు తట్టుకుంటది. ముఖ్యంగా నెగడు పక్కన పాలిస్టర్ రజాయి కప్పుకోకండి. నిప్పురవ్వ పడితే అది కరిగి ఒంటికి అతుక్కుంటది.

పట్టు రజాయి కొన్నవాళ్లు దానికి గలీబు తొడిగి, గలీబునే ఉతుక్కోండి. రజాయిని నీళ్లల్ల ముంచొద్దు, అప్పుడప్పుడు నీడలో గాలికి ఆరేస్తే చాలు. మండుటెండకు పట్టు పసుపు తిరుగుతది. కాయల గోదాములో బొక్క కాయను తినే డెర్మెస్టిడ్ పురుగు పట్టు రజాయినీ, ఈకల రజాయినీ కూడా తింటది. కాయ సంచులు ఉన్న గదిలో రజాయి పెట్టె ఉంచకండి.

ఆ పురుగు పట్టిందంటే బొక్క కాయకు ధర రాదు. కాయలను తడి లేకుండా ఆరబెట్టి, శుభ్రమైనవి ఒక సంచిలో, ఎలుక కొరికినవి, మరకలు పడ్డవి ఇంకో సంచిలో వేరు చేసి పెట్టండి. కలిపి ఇస్తే కొనేవాడు మొత్తానికి పాడు కాయ ధరే కడతడు. ఈసారి అమ్మినప్పుడు మీ దగ్గర ఏ రకానికి ఏ ధర పలికిందో గ్రూపులో రాయండి. ప్రాణహితకు ఇటు సిరొంచ, అహేరి, అటు చెన్నూరు, గోదావరి అవతల మహదేవ్‌పూర్, ఎవరి దగ్గర ఎంతకు పోయిందో వచ్చే సంచికలో ఊరు వారీగా వేస్తం.