మందుల పెట్టెల తర్వాత: ఆర్మేనియా వైద్యులు నేర్పుతున్న పాఠం

షూషను కోటలో రాజుకు గిన్నె అందించే కొలువులో ఉన్న నెహెమ్యా దగ్గరకు ఒకనాడు యూదా దేశం నుంచి హనానీ వచ్చాడు. యెరూషలేము ప్రాకారాలు కూలిపోయాయని, అక్కడివారు నిందపాలై ఉన్నారని చెప్పాడు. నెహెమ్యా కూర్చుని ఏడ్చాడు, ఉపవాసముండి ప్రార్థించాడు. ఆ తర్వాత రాజు దగ్గర సెలవు, కలప కోసం ఉత్తరాలు సంపాదించుకుని బయలుదేరాడు. చేరగానే పని మొదలుపెట్టలేదు. మూడు రోజులు ఆగి, రాత్రివేళ గోడల చుట్టూ తిరిగి ఎక్కడ ఎంత పాడైందో కళ్లారా చూసుకున్నాడు. అప్పుడు ఊరివాళ్లనే పిలిచాడు. చాలామంది ఎవరి ఇంటి ఎదుట భాగాన్ని వారే కట్టుకున్నారు.

దూరదేశంలో బాగా స్థిరపడినవాడు కష్టంలో ఉన్న సొంత ఊరికి ఎలా సాయపడాలన్న ప్రశ్నకు ఇంతకంటే చక్కటి జవాబు మాకు కనబడలేదు. మన కాలంలో ఈ ప్రశ్నను తీవ్రంగా ఎదుర్కొన్నవారిలో ప్రవాస ఆర్మేనియా వైద్యులు ఒకరు. వారి అనుభవంలో మంచీ ఉంది, పొరపాట్లూ ఉన్నాయి. రెండూ మనకు పనికొచ్చేవే.

ఆర్మేనియా సుమారు 30 లక్షల జనాభా గల చిన్న పర్వత దేశం. క్రీ.శ. 301లో క్రైస్తవ్యాన్ని రాజ్యమతంగా స్వీకరించిన తొలి దేశమని సంప్రదాయం. 1915లో మొదలైన ఒట్టోమన్ ఊచకోతల్లో లక్షలాది మంది ప్రాణాలు కోల్పోగా, మిగిలినవారు సిరియా, లెబనాన్, ఫ్రాన్స్, అమెరికా వంటి దేశాలకు చెదిరిపోయారు. నేడు ఆర్మేనియా లోపలికంటే బయట ఉన్న ఆర్మేనియన్లే ఎక్కువ. అలా వెళ్లినవారి పిల్లలు, మనవలు ఎందరో డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు అయ్యారు. ఇంటి భాష, సంఘం, అవ్వ చెప్పిన ఊరి కబుర్లు వారిని ఆ నేలతో కలిపి ఉంచాయి.

ఈ ప్రజలు మనకు మరీ కొత్తవారు కారు. ప్రపంచంలో ఆర్మేనియన్ భాషలో తొలి పత్రిక ‘అజ్దరార్’ 1794లో మన పొరుగున మద్రాసులోనే అచ్చయింది. దాన్ని నడిపింది ఒక ఆర్మేనియన్ గురువు. హైదరాబాదు ఉప్పుగూడలో వారి పాత సమాధులు ఇప్పటికీ ఉన్నాయి.

ఇక అసలు కథకు వద్దాం. 1988 డిసెంబరు 7, ఉదయం 11:41. పిల్లలు బడుల్లో, పెద్దలు పనుల్లో ఉన్న వేళ ఉత్తర ఆర్మేనియాలో భూమి కంపించింది. స్పితాక్ పట్టణం దాదాపు నేలమట్టమైంది. లెనినాకన్, అంటే నేటి గ్యూమ్రి నగరం, సగం కూలిపోయింది. కనీసం 25 వేల మంది చనిపోయారు. ఆసుపత్రులూ కూలాయి. గాయపడినవారికి కట్టు కట్టవలసిన డాక్టర్లు, నర్సులే శిథిలాల కింద ఉండిపోయారు. అప్పుడు ఆర్మేనియా సోవియట్ యూనియన్‌లో భాగం. ఆ ప్రభుత్వం విదేశీ సహాయానికి తలుపులు తెరిచింది. ఎన్నో దేశాల నుంచి విమానాలు దిగాయి. ప్రవాస ఆర్మేనియా వైద్యులు సెలవులు పెట్టి, మందులు పోగుచేసి కదిలారు.

అప్పుడు ఎదురైన పెద్ద సమస్య మూత్రపిండాలది. గంటల తరబడి గోడల కింద నలిగిన చేతులు, కాళ్ల కండరాలు దెబ్బతింటాయి. మనిషిని బయటికి తీయగానే ఆ కండరాల్లోని పదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాలను మూసేస్తాయి. రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. శిథిలాల నుంచి ప్రాణాలతో బయటపడ్డవారు ఆ తర్వాతి రోజుల్లో ఇలా చనిపోయే ప్రమాదం ఉంటుంది. వారిని కాపాడేవి సకాలంలో సెలైను, డయాలిసిస్. వందలాది మందికి ఒకేసారి ఈ అవసరం వచ్చింది. యంత్రాలు చాలలేదు, నడపడం తెలిసినవారు అంతకంటే తక్కువ. ఆ అనుభవంతోనే అంతర్జాతీయ మూత్రపిండ వైద్యుల సంఘం విపత్తుల కోసం ప్రత్యేక బృందాన్ని ఏర్పాటు చేసుకుంది.

ఇక మందుల సంగతి. ఆ భూకంపానికి ప్రపంచం పంపిన మందులు, వైద్య సామగ్రి కలిపి కనీసం 5,000 టన్నులు. ప్రేమతో పంపినవే. కానీ వాటి మీద పేర్లు 21 భాషల్లో ఉన్నాయి. చాలా డబ్బాల మీద మందు అసలు పేరు లేదు, కంపెనీ పెట్టుకున్న పేరే ఉంది. వాటిని విడదీసి, ఏది ఏమిటో తేల్చుకోవడానికి 50 మందికి 6 నెలలు పట్టింది. వెంటనే వాడుకోగలిగినవి దాదాపు 30 శాతమే. గడువు తీరినవి, పనికిరానివి, పాడైపోయినవి కలిపి చివరకు అయిదో వంతును నాశనం చేయవలసి వచ్చింది. దెబ్బలు తిన్నవారికి సేవ చేయవలసిన చేతులు డబ్బాలు ఏరుతూ కూర్చున్నాయి.

మందుల విరాళాలపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లో ప్రకటించిన సూత్రాల వెనుక ఇలాంటి అనుభవాలు ఉన్నాయి. అవి చాలా సాదా మాటలు. అడిగినవే పంపండి. అక్కడివారు చదవగలిగే భాషలో, మందు అసలు పేరుతో పంపండి. చేరేనాటికి కనీసం ఒక ఏడాది గడువు ఉండాలి. మన దగ్గర వాడటానికి తగనిది అవతలివారికి తగినదని అనుకోవద్దు. వరదలప్పుడు, తుఫానులప్పుడు మన సంఘాలు పంపే పెట్టెలకూ ఈ నాలుగు మాటలూ వర్తిస్తాయి.

1991లో ఆర్మేనియా స్వతంత్ర దేశమైంది. వెంటనే యుద్ధం, సరిహద్దుల మూసివేత, కరెంటు లేని చలికాలాలు. ఈ దశలో కొందరు ప్రవాస వైద్యులు తమ పద్ధతి మార్చుకున్నారు. కాలిఫోర్నియాలో కంటి వైద్యుడైన రోజర్ ఒహానేసియన్ 1992లో ఆర్మేనియన్ ఐకేర్ ప్రాజెక్టును ప్రారంభించారు. యుద్ధంలో కళ్లు దెబ్బతిన్నవారికి చికిత్సతో మొదలైన ఆ పని అక్కడితో ఆగలేదు. ఆర్మేనియా యువ డాక్టర్లను అమెరికా రప్పించి ఒక్కొక్కరికి ఒక్కో విభాగంలో శిక్షణ ఇప్పించారు. నేర్చుకున్నవారు తిరిగివెళ్లి తమవారికి నేర్పారు. 2003 నుంచి ఒక సంచార కంటి ఆసుపత్రి మారుమూల ప్రాంతాలకు వెళ్తోంది. నిపుణులు ఎక్కువగా రాజధాని యెరెవాన్‌లోనే ఉండే దేశంలో కొండల మధ్య ఊళ్లో ఉన్న ముసలమ్మకు అదే ఆధారం.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల విషయంలో ఈ శిక్షణ విలువ మరీ స్పష్టంగా తెలుస్తుంది. అలాంటి బిడ్డకు కంటి లోపలి పొర మీద రక్తనాళాలు పూర్తిగా ఎదగవు. కొందరిలో అవి వంకరగా పెరిగి ఆ పొరను లాగేస్తాయి. పుట్టిన కొద్ది వారాల్లో పరీక్షించి చికిత్స చేస్తే చూపు దక్కుతుంది. ఆలస్యమైతే జీవితాంతం చీకటే. ఏడాదికి ఒకసారి పది రోజుల కోసం విదేశం నుంచి వచ్చే డాక్టరు ఆ బిడ్డను కాపాడలేడు. బిడ్డ పుట్టిన వారంలో అక్కడే ఉండే డాక్టరు కావాలి.

మరో ఉదాహరణ ఎముక మజ్జది. రక్త క్యాన్సరు వచ్చిన కొందరికి ఇతరుల మూలకణాలు ఎక్కించాలి. అందుకు ఇద్దరి కణజాల గుర్తులు కలవాలి. ఆ గుర్తులు తల్లిదండ్రుల నుంచి వస్తాయి. సొంత అన్నదమ్ముల్లో, అక్కచెల్లెళ్లలో ఒక్కొక్కరితో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటే. ఇంట్లో దొరకకపోతే సాధారణంగా అదే జాతివారిలో వెతకాలి. ప్రపంచమంతా చెదిరిన చిన్న జాతికి ఇది కష్టం. అందుకే 1999లో డాక్టర్ ఫ్రీడా జోర్డన్ మరికొందరితో కలిసి ఆర్మేనియన్ ఎముక మజ్జ దాతల రిజిస్ట్రీని స్థాపించారు. యెరెవాన్‌లోనూ, ప్రవాసుల ఊళ్లలోనూ దాతల పేర్లు నమోదు చేస్తున్నారు. ఏ చెదిరిపోవడం ఆ జాతికి గాయమైందో, అదే ఇప్పుడు ఎక్కడో ఉన్న ఒక రోగికి మరెక్కడో ఉన్న దాతను చూపిస్తోంది.

సంఘం కూడా ఊరుకోలేదు. భూకంపం తర్వాత అమెరికాలోని ఆర్మేనియన్ సంఘ అధ్యక్షమండలం నుంచి పుట్టిన ఆర్మేనియా సహాయ నిధి, అత్యవసర సాయంతో పాటు, మారుమూల జిల్లాల డాక్టర్లను యెరెవాన్‌కు పిలిపించి కొత్త విషయాలు నేర్పించే కార్యక్రమం నడిపింది. మందు ఇచ్చినవారి పేరు గుర్తుంటుంది, పాఠానికి ఫీజు కట్టినవారి పేరు గుర్తుండదు. అయినా సంఘం ఆ రెండో పని చేసింది.

అలాగని అత్యవసర సాయం అవసరం తీరిపోలేదు. 2020 సెప్టెంబరు 27న మొదలైన 44 రోజుల నగోర్నో-కరాబఖ్ యుద్ధం కొవిడ్ మధ్యలో వచ్చింది. ప్రవాస శస్త్రవైద్యులు మళ్లీ విమానాలెక్కారు. 2023 సెప్టెంబరులో లక్షకు పైగా ఆర్మేనియన్లు కొద్ది రోజుల్లోనే కరాబఖ్ వదిలి ఆర్మేనియాకు వచ్చారు. ఆ ప్రయాణపు రోజుల్లోనే ఒక ఇంధన డిపో పేలి ఎందరో కాలిపోయారు. కాలినగాయాల వైద్యులు కావలసి వచ్చారు. బీపీ, షుగరు మందులు ఇంట్లోనే వదిలి వచ్చిన వృద్ధులకు అవి కావాలి. ఇల్లు పోయినవారి మనసుకు ఓదార్పు కావాలి. అయితే ఈసారి బయటివారు వచ్చేసరికి అక్కడ వారితో కలిసి పనిచేయగల శిక్షణ పొందిన స్థానికులు ఉన్నారు.

ఈ మార్గంలో చిక్కులూ ఉన్నాయి. వారం రోజులు వచ్చి ఆపరేషన్లు చేసి వెళ్లిపోతే, తర్వాత కుట్లు చీము పడితే చూసేదెవరు? విదేశీ డాక్టరు ఉచితంగా చేస్తాడని జనం ఎదురుచూస్తే స్థానిక డాక్టరు మీద నమ్మకం ఏమవుతుంది? బయట శిక్షణ పొందినవాడు మంచి జీతం చూసుకుని అక్కడే ఉండిపోతే, సాయం పేరుతో మనమే ఆ దేశానికి ఒక డాక్టరును తగ్గించినట్టు కాదా? ఆర్మేనియా ప్రభుత్వం 2020 నుంచి ప్రవాస నిపుణులను ఏడాది పాటు ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేయడానికి పిలుస్తోంది. అతిథిగా వచ్చి వెళ్లడం వేరు, అక్కడివారి కింద ఒక ఏడాది పనిచేయడం వేరు అని ఆ ఏర్పాటు గుర్తు చేస్తోంది.

ఇదంతా తెలుగు పాఠకులకు ఎందుకు చెబుతున్నాం? మన ఇళ్ల నుంచీ ఎందరో డాక్టర్లు, నర్సులు విదేశాలకు వెళ్లారు. వారిలో చాలామందికి ఊరి మీద ప్రేమ ఉంది. గుంటూరు వైద్య కళాశాల పూర్వ విద్యార్థులు అమెరికా నుంచి తమ పాత ఆసుపత్రికి అండగా నిలిచారు. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు అమెరికాలోని ఉద్యోగం వదిలి వచ్చి 1987లో హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిని నిలబెట్టారు. ఆ సంస్థ పల్లెల్లోని యువతకే శిక్షణ ఇచ్చి, పల్లెల్లోనే కంటి కేంద్రాలు నడిపిస్తోంది. ఆర్మేనియా వైద్యులు ఆలస్యంగా, నష్టపోయి నేర్చుకున్న పాఠం ఇదే.

కాబట్టి ఈసారి విదేశం నుంచి మీ తమ్ముడో మీ అమ్మాయో ఫోన్ చేసి ఊళ్లో మెడికల్ క్యాంపు పెడదామంటే, సంతోషంగా ఒప్పుకోండి. కానీ మూడు ప్రశ్నలు అడగండి. ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరునూ ఏఎన్ఎమ్మునూ ఏం కావాలో ముందుగా అడిగామా? క్యాంపులో షుగరు బయటపడినవాడికి వచ్చే నెల మాత్ర ఎవరిస్తారు? మనం వెళ్లిపోయాక ఈ పని చేయగలిగేలా ఇక్కడ ఎవరికి నేర్పి వెళ్తున్నాం?

ప్రాకారం 52 దినాల్లో పూర్తయింది. నెహెమ్యా కొంతకాలానికి తిరిగి రాజు కొలువుకు వెళ్లిపోయాడు. కట్టినవాళ్లు మాత్రం అక్కడే ఉన్నారు.