గ్రామ పటముపై మలేరియా జాడ

చలిజ్వరము మన పల్లెలకు క్రొత్త కాదు. వానలు వెనుకబట్టుసరికి వణకుతో మంచమెక్కినవారు వీథికొకరిద్దరు కనబడుట పెద్దలందరు నెరిగినదే. అయితే ఈ జ్వరము ఊరినంతటిని ఒకే తీరున పట్టదు. ఒక పేటయందంతట వ్యాపించి ప్రక్క పేటను విడిచిపెట్టును. ఒక సంవత్సరము ఏటిగట్టు గూడెమున కనిపించి, మరుసటి సంవత్సరము క్రొత్తగా త్రవ్విన కాలువ దాపున తలయెత్తును. ఇది దైవికము కాదు. దీనికొక క్రమము కలదు. ఆ క్రమమును కంటికి కట్టినట్లు చూపునది పటము. అట్టి పటమును పంచాయతీ సభ్యులు తమ గ్రామమునకు ఎట్లు సిద్ధపరచుకొనవచ్చునో, దాని వలన కలుగు ప్రయోజనమేమో ఇచ్చట వివరింప దలచితిమి.

దోమ, నీరు, దూరము

మలేరియాకును దోమకును గల సంబంధమునకు గట్టి ఆధారము దొరకినది మన సికింద్రాబాదులోనే. 1897 ఆగస్టు 20వ తేదీన సైనిక వైద్యుడగు రోనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని సూక్ష్మదర్శినితో చూచెను. మరుసటి సంవత్సరము కలకత్తాలో, పక్షులకు వచ్చు మలేరియా దోమకాటు వలన ఒక పక్షి నుండి మరియొక పక్షికి సంక్రమించునని నిరూపించెను. ఈ కృషికి 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

మైదాన గ్రామములలో ఈ వ్యాధిని ముఖ్యముగా మోయునది అనాఫిలిస్ క్యులిసిఫేసిస్ అను దోమ. ఇది వరిమళ్లలోను, పంటకాలువలలోను, వాననీటి గుంటలలోను గ్రుడ్లు పెట్టును. పగటివేళ పసులకొట్టములందును, ఇండ్లలోని చీకటి మూలలందును విశ్రమించి రాత్రి కుట్టును. మన్యపు కొండలలోనిది వేరొక జాతి. అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ అను ఆ దోమ సన్నగా పారు సెలయేటి అంచులలో పెరుగును. సామాన్యముగా మలేరియా దోమ తాను పుట్టిన చోటినుండి ఒకటి రెండు కిలోమీటర్లకు మించి పోదు. కావున జ్వరపీడితుల ఇండ్లను పటముపై గుర్తించినచో, దోమ పుట్టిన నీరు ఆ దాపుననే యుండుననుట తరచు నిజమగును.

ఇందు కాలగణన కూడ కలదు. రోగి రక్తమును పీల్చిన దోమలో క్రిమి పక్వమగుటకు వేడి దినములలో సుమారు 10 మొదలు 14 రోజులు పట్టును. ఆ దోమ కుట్టినవానికి జ్వరము వచ్చుటకు మరి రెండు వారములు పట్టవచ్చును. అనగా ఒక రోగి నుండి మరియొక రోగి ఏర్పడుటకు ఇంచుమించు నెల దినములు. ఈ నెల పటముపై పెట్టిన చుక్క గడచిన నెలలో నిలిచిన నీటిని చూపుచున్నదన్నమాట.

పంజాబు నేర్పిన పాఠము

1908 శరత్కాలమున పంజాబులో మలేరియా మహమ్మారివలె విజృంభించి మూడు లక్షలకు పైగా ప్రాణములను బలిగొన్నది. దానిని పరిశోధించుటకు నియుక్తుడైన ఎస్. ఆర్. క్రిస్టఫర్స్ అను వైద్యాధికారి, గ్రామ చౌకీదార్లు వ్రాయించిన మరణముల లెక్కలను ఠాణాల వారీగా, నెలల వారీగా కూర్చి పటములు గీయించెను. 1868 నుండి నలువది సంవత్సరముల లెక్కలను పరిశీలించి 1911లో నివేదిక సమర్పించెను. అతివృష్టి కలిగిన సంవత్సరములలో, అందునను ధాన్యము ధరలు పెరిగి పేదలు తిండికి మాడిన ప్రాంతములలో, ఈ ఉపద్రవము తీవ్రమైనట్లు అందువలన తేలినది. వాన దోమను పెంచినది. ఆకలి మనుష్యుని బలహీనపరచినది. ఈ జ్ఞానమును బట్టియే తరువాతి కాలమున పంజాబులో ముందస్తు హెచ్చరికలు చేయు పద్ధతి ఏర్పడినది. ఇంతటి పనికి మూలము పల్లె చౌకీదారు లెక్కయేనని మనము గుర్తుంచుకొనవలెను.

పటములోని ఖాళీ చోటు

స్వాతంత్ర్యము వచ్చునాటికి మన దేశమున ఏటేట 7 కోట్ల 50 లక్షల మందికి మలేరియా సోకుచుండెననియు, 8 లక్షల మంది మరణించుచుండిరనియు అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమమును, 1958లో నిర్మూలన కార్యక్రమమును ఆరంభమైనవి. ఇండ్ల గోడలపై డి.డి.టి. చల్లిరి. పదునైదు దినములకొకసారి ఇంటింటికి పోయి జ్వరపీడితుల రక్తమును పరీక్షకు తీసికొనిరి. 1965 నాటికి కేసులు సుమారు ఒక లక్షకు తగ్గిపోయినవి. దేశపటముపై చాల భాగము ఖాళీ అయ్యెను.

అచ్చటనే ఏమరుపాటు కలిగినది. మందు సరఫరా చాలినంత లేకపోయెను. దోమలు మందునకు అలవాటుపడెను. పల్లెలలో ఆరోగ్య సిబ్బంది స్థిరపడకముందే నిఘా సడలెను. 1976లో కేసులు మరల 64 లక్షలకు పెరిగెను.

దీనినుండి గ్రహింపవలసిన ముఖ్య విషయమొకటి కలదు. పటములోని ఖాళీ చోటు రెండు విధములు. జ్వరము లేనందున ఖాళీగా నున్నది ఒకటి. పరీక్షించువారు లేనందున ఖాళీగా నున్నది రెండవది. చూచుటకు రెండును ఒక్కటే. అందుచేత ఎందరికి మలేరియా తేలినదని మాత్రమే కాక, ఎందరిని పరీక్షించిరను సంఖ్యను కూడ పటముపై వ్రాయుట అత్యవసరము.

సగటు మరుగుపరచునది

ప్రతి వేయిమంది జనాభాకు సంవత్సరమున ఎందరికి మలేరియా తేలినదను లెక్కను ఆరోగ్యశాఖవారు వార్షిక పరాన్నజీవి సూచికయందురు. ఉదాహరణకు 40,000 జనాభాగల ఒక మండలములో 20 కేసులు వచ్చినవనుకొందము. సూచిక వేయికి అర. చింతలేదని తోచును. కాని ఆ 20లో 18 కేసులు 300 జనాభాగల ఒకే గూడెమునకు చెందినవైనచో, ఆ గూడెపు సూచిక వేయికి 60. మండలపు సగటు ఆ గూడెమును కప్పివేసినది. గ్రామ పటము దానిని బయటపెట్టును.

పటము వ్రాయు విధము

పెద్ద కాగితముపై ఇండ్లు, వీథులు, శివారు పేటలు, చెరువు, కాలువలు, బోదెలు, ఇటుకల గుంటలు, క్వారీ గుంటలు, పసులకొట్టములు గుర్తింపుడు. ఆశా కార్యకర్తయు ఆరోగ్య సిబ్బందియు రక్తపరీక్ష చేసి మలేరియా యని నిర్ధారించిన ప్రతి కేసునకు ఆ ఇంటికడ ఒక చుక్క పెట్టింపుడు. నెలకొక రంగు వాడుడు. ఫాల్సిపేరం రకమునకు ఒక గుర్తు, వైవాక్స్ రకమునకు మరియొక గుర్తు ఉండవలెను. ఏలయన, వైవాక్స్ క్రిమి కాలేయమున దాగి కొన్ని నెలల పిదప మరల జ్వరము తెప్పింపగలదు. అట్టి తిరుగుజ్వరపు చుక్క నేటి దోమను చూపదు. మందు పూర్తిగా మ్రింగని మాటను చూపవచ్చును. కూలిపనికి పొరుగూరు పోయి జ్వరముతో తిరిగివచ్చినవారికి వేరు గుర్తు పెట్టుడు. రోగి పేరు మాత్రము పటముపై వ్రాయరాదు. జ్వరము నేరము కాదు. పేరు బయటపడునను భయమున జనులు పరీక్షకు రాకుండిన, పటమే అబద్ధమగును.

ఏటికొక పటము చొప్పున భద్రపరుపుడు. మూడు నాలుగేండ్ల పటములను ప్రక్కప్రక్కన పెట్టిన, ఏ గుంట ఏటేట జ్వరమును తెచ్చుచున్నదో, ఏ నెలలో ఆరంభమగుచున్నదో తెలియును. అప్పుడు పంచాయతీ చేయు ఖర్చు గురి తప్పదు. వానలకు ముందే ఆ గుంటను పూడ్పింపవచ్చును. కాలువ పూడిక తీయింపవచ్చును. పూడ్పరాని నీటిలో గంబూషియా చేపలు విడువవచ్చును. గ్రుడ్డు దోమయగుటకు వారము పదిదినములు పట్టును గనుక వారమునకొకసారి నిలువ నీటిని పారబోయించిన చాలును. ఏ పేటకు ముందుగా మందు చల్లవలెనో, దోమతెరలు ఇయ్యవలెనో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమువారికి పటము చూపి అడుగవచ్చును. రోగులు డాక్టరు చెప్పిన మందును, వైవాక్స్ రకమునకు ఇచ్చు 14 దినముల మందుతో సహా, కడవరకు మ్రింగునట్లు చూడవలెను.

రాజ్యాంగపు 73వ సవరణ ఆరోగ్యమును, పారిశుద్ధ్యమును పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో చేర్చినది. దేశమున 2015లో 11 లక్షల 69 వేలుగా నున్న మలేరియా కేసులు 2023లో 2 లక్షల 27 వేలకు తగ్గినవి. 2030 నాటికి ఈ వ్యాధిని పూర్తిగా తొలగించుట జాతీయ లక్ష్యము. కేసులు తగ్గినకొలది మిగిలినవి మారుమూల గూడెములలో దాగును. 1965 తరువాత కలిగిన అనుభవము మరల కలుగకుండుటకు, చుక్కలు తగ్గిన సంవత్సరమున కూడ పటము నిలిపివేయరాదు. రాబోవు గ్రామసభలో ఈ విషయమును చర్చించి, వానలు పడకముందే మీ గ్రామపు తొలి పటమును సిద్ధము చేయుడని సభ్యులను కోరుచున్నాము.