నేలకు తగిన పరుగు

శంషాబాద్ విమానాశ్రయంలోని పెద్ద రన్‌వే పొడవు 4,260 మీటర్లు. 400 మీటర్ల ట్రాక్ మీద పదిన్నర చుట్లకు పైగా పరుగెత్తితే గాని అంత దూరం రాదు. విమానానికి అంతటి చదునైన నేల తప్పనిసరి. మనిషి కాలికి ఆ అవసరం లేదు. 2008లో విమానాశ్రయం వచ్చాక ఈ ప్రాంతపు పొలాలెన్నో రహదారులుగా, ఇళ్ల స్థలాలుగా మారాయి. అయినా గుండ్రాళ్ల గుట్టలు, చెరువు కట్టలు, మట్టి బాటలు ఇంకా మిగిలే ఉన్నాయి. "మా ఊళ్లో ట్రాక్ లేదు, పిల్లవాడు ఎక్కడ పరుగెత్తాలి?" అనే తల్లిదండ్రులకు ఈ నేలే సమాధానం. దానికి తగిన క్రీడ క్రాస్ కంట్రీ.

ట్రాక్ ఎక్కడైనా ఒకే కొలతతో, ఒకే తీరుగా ఉంటుంది. కనుక అక్కడ క్షణాలకే విలువ. ఒక దేశపు పరుగును మరో దేశపు పరుగుతో పోల్చి రికార్డు రాయవచ్చు. క్రాస్ కంట్రీలో ఏ రెండు బాటలూ ఒకటి కావు. ఎత్తు, పల్లం, బురద, రాళ్లు మారిపోతుంటాయి. అందుచేత కాలానికి ప్రపంచ రికార్డు లేదు. ఎన్నో స్థానంలో వచ్చారన్నదే లెక్క. ఎగువలో అడుగు చిన్నది చేసుకోవాలి, దిగువలో తొందరను అదుపు చేసుకోవాలి.

అసలైన భేదం జట్టు లెక్కలో ఉంది. ప్రపంచ పోటీల్లో ఒక్కో జట్టులో ముందుగా వచ్చిన నలుగురి స్థానాలను కూడుతారు; మొత్తం తక్కువైన జట్టుదే విజయం. ఒక జట్టువారు 1, 6, 12, 20 స్థానాల్లో వస్తే మొత్తం 39. మరో జట్టువారు 2, 5, 9, 14 స్థానాల్లో వస్తే 30. ప్రథముడున్న జట్టే ఓడిపోయింది! వెనుకబడిన నాలుగవ వాని ఓర్పు మీద అందరి గెలుపు ఆధారపడి ఉంటుంది.

ఈ పరుగు ట్రాక్‌కు శత్రువు కాదు. మొరాకోకు చెందిన ఖాలిద్ స్కాహ్ 1990, 1991లలో ప్రపంచ క్రాస్ కంట్రీ విజేత. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో 10,000 మీటర్ల ట్రాక్ పరుగులో స్వర్ణం సాధించాడు. అయితే ఎండను తేలికగా తీసుకోరాదు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో తీవ్రమైన వేడి మధ్య 38 మంది బయలుదేరగా 15 మందే గమ్యం చేరారు. ఆ తర్వాత ఒలింపిక్స్‌లో ఈ పోటీ జరగలేదు.

పరుగు మన సంప్రదాయానికి కొత్తది కాదు. హజ్రత్ సలమా బిన్ అక్వా (రజి) మహాప్రవక్త (సఅసం) అనుమతితో ఒక అన్సారీతో మదీనా దాకా పందెం పరుగెత్తి గెలిచారు. మహాప్రవక్త (సఅసం) స్వయంగా హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెంలో పాల్గొన్నారు. కనుక కుమార్తెలను ఈ ఆరోగ్యానికి దూరం చేయడం న్యాయం కాదు. నిండైన, వదులైన దుస్తుల్లోనూ హాయిగా పరుగెత్తవచ్చు.

చలికాలంలో ఫజ్ర్ నమాజు తర్వాత, వెలుగు వచ్చాక, ఒక పెద్ద తోడుగా రెండు కిలోమీటర్లతో మొదలుపెట్టండి. వాహనాలు తిరిగే దారులను, చెరువు లోతట్టును వదిలేయండి. శరీరం అల్లాహ్ ఇచ్చిన అమానతు. దానిని కాపాడుకోవడానికి ఊరి మట్టి బాట చాలు. ఇంటికి వచ్చిన బిడ్డను "ఎన్ని నిమిషాలు పట్టింది?" అనే కాక, "నీతో వచ్చినవారంతా చేరారా?" అని కూడా అడగండి.