గీత తప్పిన రంపం

పెట్టె మీద ఓ సముద్రతీర పల్లె. రేవులో పడవలు, కొండవాలున ఎర్ర పెంకుల ఇళ్లు, పైన విశాలమైన ఆకాశం. లోపల వెయ్యి ముక్కలు. జిగ్‌సా పజిల్ పేర్చేవాళ్లు ముందు అంచు ముక్కలు ఏరుకుంటారు. పడవలు, కిటికీలు చకచకా కుదురుతాయి. ఆకాశం దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగుతుంది. అక్కడ బొమ్మ ఏమీ చెప్పదు, ముక్క ఆకారమొక్కటే ఆధారం. ఈ ఆటలో ఆనవాళ్లు రెండు: బొమ్మ, కోత. రెండున్నర శతాబ్దాల్లో ఆ రెండూ ఒకదాన్నొకటి విడిచి ఎలా దూరం జరిగాయన్నదే పజిల్ చరిత్ర.

మొదట్లో అవి ఒకటే. 1760లలో లండన్‌లో పటాలు చెక్కే జాన్ స్పిల్స్‌బరీ దేశపటాలను పల్చని చెక్క పలకలకు అతికించి, సరిహద్దుల వెంట రంపంతో కోసి అమ్మాడు. పిల్లలకు భూగోళం నేర్పడానికి పనికొచ్చేవి. ముక్క ఆకారమే దేశం ఆకారం. మూడో జార్జి రాజు పిల్లల ఆలనాపాలనా చూసిన లేడీ షార్లెట్ ఫించ్ కూడా ఇలాంటి పటాలతోనే పాఠాలు చెప్పింది.

19వ శతాబ్దం చివరికి కాలితో తొక్కి నడిపే సన్న రంపాలు, ప్లైవుడ్ వచ్చాయి. ఇక కోత ఎటు కావాలంటే అటు తిరిగింది. 1908 ప్రాంతంలో అమెరికాలో పెద్దవాళ్లకూ ఈ పిచ్చి పట్టుకుంది. 1909లో పార్కర్ బ్రదర్స్ మిగతా ఆటలు ఆపేసి పజిళ్లే తయారుచేసింది. ఆనాటి కోతగాళ్లు గడుసువాళ్లు. ఎర్ర కప్పు ముగిసి నీలాకాశం మొదలయ్యే గీత మీదే రంపం నడిపేవారు. అలా కోస్తే ఎర్ర ముక్క పక్కన నీలి ముక్క ఉంటుందన్న జాడే దొరకదు. పెట్టె మీద బొమ్మా ఉండేది కాదు. చాలా ముక్కలకు ఒకదాన్నొకటి పట్టుకునే బొడిపెలు లేవు. మోచెయ్యి తగిలితే పూటంతా చేసిన పని చెదిరేది.

ఈలోగా బొమ్మకూ కొత్త పని దొరికింది. ఇంగ్లండ్‌లో 1924 నుంచి గ్రేట్ వెస్టర్న్ రైల్వే తన ప్రచారానికి చెక్క పజిళ్లు చేయించింది. రైలింజన్లతో పాటు, తన రైళ్లు వెళ్లే ఊళ్లూ కోటలూ వాటిమీదికెక్కాయి. కార్న్‌వాల్ తీరంలోని సెంట్ ఐవ్స్‌లో వైకింగులు దిగే దృశ్యం వాటిలో ఒకటి.

1930ల ఆర్థిక మాంద్యంలో చెక్క స్థానంలోకి అట్ట, రంపం స్థానంలోకి డై వచ్చాయి. పదునైన ఉక్కు పట్టీలను ముక్కల ఆకారానికి వంచి చెక్కలో బిగిస్తే డై తయారవుతుంది. బొమ్మ అతికించిన అట్ట మీద దాన్ని వందల టన్నుల బలంతో అదిమితే ముక్కలన్నీ ఒక్క దెబ్బకు తెగుతాయి. 1933 మొదట్లో అమెరికాలో వారానికి కోటి పజిళ్లు అమ్ముడయ్యాయి. డై చేయడం ఖరీదైన పని కాబట్టి ఒకే డైతో ఎన్నో బొమ్మలు కోస్తారు. పల్లెను కోసిందే పిల్లి బొమ్మనూ కోస్తుంది. ఒకే డైతో కోసిన రెండు పజిళ్ల ముక్కలు కలిపి టిమ్ క్లైన్ అనే అమెరికన్ కళాకారుడు వింత చిత్రాలు కూర్చగలుగుతున్నది అందుకే.

ఇప్పుడు ఆకాశం సంగతి. అందులో 300 ముక్కలుంటే జతలు 44,850. అయితే గళ్ల వరుసలో కోసిన లోపలి ముక్కలు బొడిపెల సంఖ్యనుబట్టి, అవున్న చోటునుబట్టి ఆరు రకాలే: బొడిపె లేనిది, ఒకటున్నది, రెండు పక్కపక్కనున్నది, రెండు ఎదురెదురుగా ఉన్నది, మూడున్నది, నాలుగున్నది. ముందే రకాలవారీగా వేరుచేసుకుంటే, మూడు వైపులో నాలుగు వైపులో ముక్కలు చేరిన ఖాళీకి చూడాల్సింది ఒకటి రెండు కుప్పలే.

1964లో ఫ్రీమన్, గార్డర్ అనే పరిశోధకులు కేవలం ఆకారం చూసి కంప్యూటర్ చేత పజిల్ పేర్పించారు. అందులో ఉన్నవి తొమ్మిది ముక్కలు. పక్కపక్కన సరిపోయినంత మాత్రాన రెండు ముక్కలు నిజంగా ఇరుగుపొరుగని రుజువు కాదు. పొరపాటు చాలా దూరం వెళ్లాక బయటపడవచ్చు. అలాంటి పజిళ్లు గణితశాస్త్రంలో ఎన్‌పీ-కంప్లీట్ అనే కఠిన సమస్యల కోవలోకి వస్తాయని 2007లో ఎరిక్ డెమైన్, మార్టిన్ డెమైన్ నిరూపించారు.

2011లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా, యంత్రంలో తురిమిన కాగితాలను తిరిగి చదవమని పోటీ పెట్టింది. ఆ పేలికలకు బొడిపెల్లేవు. గెలిచిన జట్టు ప్రోగ్రాం జతలను సూచించేది, మనుషులు చూసి తేల్చేవారు. కోత మౌనం వహించిన చోట సిరా గీతలు దారి చూపాయి. స్పిల్స్‌బరీ పిల్లలకు రెండు ఆనవాళ్లూ కలిపి ఇచ్చాడు. ఇప్పుడు ఏదో ఒకటి మిగిలినా పని సాగించడం నేర్చుకుంటున్నాం.