సర్పగంధి వేరును, రక్తపుపోటును

మన దేశమున అనాదిగా వైద్యమునందు వాడుకలోనున్న వేళ్లలో సర్పగంధి యొకటి. దీనినే పాతాళగంధి యనియు నందురు. ఇది రెండు మూడడుగులకు మించని చిన్న గుబురు మొక్క. ఆకులు కణుపునకు మూడు నాలుగు చొప్పున చుట్టును బయలుదేరును. పువ్వులు తెల్లగనో లేత గులాబివన్నెగనో యుండును. కాయలు పండినపుడు నల్లబడును. మందు ముఖ్యముగ వేరిలో, అందును వేరిపైనున్న బెరడులో నున్నది. బీహారు ప్రాంతమున దీనిని పిచ్చికి మందని యమ్ముచుండెడివారు. ఈ వేరు రక్తపుపోటు నెట్లు తగ్గించునో, దానిని స్వయముగ నూరుకొని త్రాగుట యెందుకు కూడదో ప్రతి రైతు కుటుంబమును తెలిసికొనవలసియున్నది.

1931 సంవత్సరమున ఢిల్లీ తిబ్బియా కళాశాలలో సలీముజ్జమాన్ సిద్దిఖీయు, రఫత్ హుస్సేన్ సిద్దిఖీయు ఈ వేరినుండి కొన్ని సారములను వేరుచేసిరి. ఆ సంవత్సరముననే గణనాథ సేన్, కార్తిక చంద్ర బోసు అను వైద్యులు ఇది ఉన్మాదమునకును రక్తపుపోటునకును పనిచేయునని ప్రకటించిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీలు 50 మంది రోగులకు దీనినిచ్చి చూచిన ఫలితములను ఇంగ్లండులోని హృద్రోగ వైద్య పత్రికలో ప్రకటింపగా లోకమంతయు దీనివైపు చూచెను. 1952లో స్విట్జర్లండు దేశమున సీబా కంపెనీవారు దీని ముఖ్యసారమగు రెసర్పినును వేరుచేసిరి.

ఈ మందు పనిచేయు చోటు నాడుల కొనలు. మన యిచ్ఛతో నిమిత్తము లేకయే గుండెను, రక్తనాళములను నడపునట్టి కొన్ని నాడులు దేహమున గలవు. వీనిని సహవేదన నాడులందురు. పాము కనబడగానే గుండె దడదడ కొట్టుకొనుట వీని పనియే. ఈ నాడి తన ఆజ్ఞను గుండెకు చేర్చుటకు కొనయందు ఒక ద్రవ్యమును విడుచును. దాని పేరు నారడ్రినలిను. ఆ ద్రవ్యమిదియేయని 1946లో స్వీడను దేశీయుడగు ఉల్ఫ్ ఫాన్ ఆయిలరు కనుగొనెను. 1970లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చెను.

ఈ ద్రవ్యము నాడికొనలో మిక్కిలి చిన్న సంచులలో నిలువయుండును. గాదెలో ధాన్యము నిలువచేసి, చీటి వచ్చినపుడు కొలిచి యిచ్చుట యెట్టిదో ఇదియు నట్టిదే. నాడి సందేశమే చీటి. అది రాగానే కొన్ని సంచులు తెరచుకొని సరకు వెలుపలికి వచ్చును. రక్తనాళములు బిగియును, పోటు హెచ్చును. వెలువడిన సరకులో పెద్దభాగమును నాడి తిరిగి లోనికి తీసికొని సంచులలో నింపుకొనును.

రెసర్పిను చేయు పనియేమనగా, సంచులలోనికి సరకు నెత్తిపోయు యంత్రమును ఆపివేయును. గాదెకెక్కని ధాన్యమును ఎలుకలు తినునట్లు, వెలుపల మిగిలిన ద్రవ్యమును నాడిలోని రసములు జీర్ణించివేయును. కొన్నినాళ్లకు నిలువ తరుగును. పిమ్మట చీటి వచ్చినను కొలుచుటకు సరకుండదు. నాళములు సడలును, పోటు దిగును. 1956లో స్వీడనునందలి లుండు నగరమున ఆర్విడ్ కార్ల్సను మొదలగువారు కుందేళ్లకు రెసర్పిను నిచ్చి, వాని గుండెలలో ఈ ద్రవ్యము ఇంచుమించుగ మాయమగుట చూచిరి.

దీనికి విరుద్ధముగ నడచు మందులును గలవు. ఎఫిడ్రిను చీటి లేకయే గాదెలోని సరకును వెలుపలికి నెట్టును, పోటు హెచ్చును. దానికి చుట్టమైన సూడోఎఫిడ్రిను కొన్ని జలుబు మందులలో నున్నది. కావున రక్తపుపోటు గలవారు జలుబుమందు కొనునపుడు తమ జబ్బు సంగతి తప్పక చెప్పవలెను. క్లొనిడిను అను మరియొక మందు ముఖ్యముగ మెదడునందు పనిచేసి, సరకు విడుదలను తగ్గింపజేయును. దానిని హఠాత్తుగ మానినచో పోటు ఒక్కసారిగ పైకెగయును.

ఇపుడు వేరు సంగతి యోచింపుడు. రెసర్పిను దినమునకు సాధారణముగ ఒక గ్రాములో నాలుగువేలవ వంతుకు మించి యీయరు. వేరిలో సారమెంత గలదో నేలనుబట్టి, కాలమునుబట్టి, మొక్క వయస్సునుబట్టి మారుచుండును. చిటికెడు పొడిలో నెంత మందు పోయినదో కంటితో చెప్పగలవా రెవ్వరును లేరు. మోతాదు మించినపుడు మరుసటిదినమే సరిపుచ్చుకొందమన్న వీలు లేదు. ఖాళీయైన నిలువ మరల నిండుటకు దినములు, ఒక్కొకప్పుడు వారములు పట్టును. ఈ మందు మెదడులోని నిలువలను సైతము ఖాళీచేయును గనుక మనస్సు క్రుంగి, బ్రదుకుపై విరక్తి పుట్టవచ్చును. ముక్కు దిబ్బడ, మత్తు, నాడి మందగించుట కలుగును. దిగులుజబ్బు గలవారికిని, కడుపులో పుండు గలవారికిని ఇది తగదు. అందుచేతనే వైద్యులు నేడు రక్తపుపోటునకు చాలవరకు వేరు మందుల నిచ్చుచున్నారు. పాముకాటునకు దీనిని నమ్మి కాలము వృథాచేయరాదు; వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

సాగుచేయదలచినవారికి ఒక మాట. వేరు త్రవ్వినచో మొక్క చచ్చును. ఆ విధముగ త్రవ్వి త్రవ్వి యడవులలో నిది తరిగిపోయినందున 1990 నుండి దీని విదేశవ్యాపారము అంతర్జాతీయ నిబంధనలకు లోబడియున్నది. కావున అడవిమొక్కను ముట్టక నారుపోసియే పెంచవలెను. విత్తనములు తక్కువగ మొలచును. వేరు చేతికి వచ్చుటకు రెండు మూడేండ్లు పట్టును. కొనువారిని ముందుగ నిశ్చయించుకొననిదే నేల నప్పగింపరాదు.

రక్తపుపోటు నొప్పిలేని జబ్బు. పరీక్షించిననే గాని తెలియదు. నలుబది దాటిన సభ్యులందరును ఏటేట చూపించుకొని, వైద్యు డిచ్చిన మందును తమంతట తాము మానక, మార్చక వాడుదురు గాక.