అది హమ్మింగ్‌బర్డ్ కాదు, తేనెపిట్ట

సెలవులకు ఇండియా వెళ్ళిన మన పిల్లలు తాతగారి పెరట్లో మందారం మీద వాలిన బుల్లిపిట్టను చూడగానే "హమ్మింగ్‌బర్డ్!" అని కేకపెడతారు. పెద్దవాళ్ళమూ అవుననేస్తాం. హమ్మింగ్‌బర్డులు అమెరికా ఖండాల్లో తప్ప మరెక్కడా లేవు. పెరట్లోది తేనెపిట్ట, ఇంగ్లీషులో సన్‌బర్డ్. రెండూ పూలతేనె తాగి బతికేవే కనుక రెండింటికీ సన్నటి పొడుగాటి ముక్కు వచ్చింది గాని, దగ్గరి చుట్టరికం లేదు. ఒకరినొకరు ఎరగని ఇద్దరు ప్రోగ్రామర్లు ఒకే సమస్యకు రాసిన కోడ్ లాంటిదన్నమాట. హమ్మింగ్‌బర్డ్ గాలిలో నిలబడి తాగుతుంది, వెనక్కి కూడా ఎగురుతుంది. తేనెపిట్ట గాలిలో కాసేపు ఆగగలదు గాని, చాలావరకు కొమ్మను పట్టుకునే తాగుతుంది. మందారం లాంటి పెద్ద పువ్వయితే మొదట్లో చిల్లు పొడిచి దొడ్డిదారిన లాగేస్తుంది!

పెరళ్ళలోనూ అడవి అంచుల్లోనూ మనకు ముఖ్యంగా కనిపించేవి రెండు రకాలు. ముందు పొట్ట చూడండి. మగపిట్ట పొట్ట పసుపుపచ్చగా ఉండి, రొమ్ముకు అడ్డంగా ముదురెరుపు పట్టీ ఉంటే పర్పుల్ రంప్డ్ సన్‌బర్డ్. ఒళ్ళంతా నీడలో నలుపుగా, ఎండ పడితే నెమలికంఠంలా మెరిస్తే పర్పుల్ సన్‌బర్డ్. అలా నల్లగానే ఉండి ముక్కు కొడవలిలా బాగా వంగి, మరీ పొడుగ్గా ఉంటే మూడోది, లోటెన్స్ సన్‌బర్డ్. ఇది అరుదుగా కనిపిస్తుంది.

ఆడపిట్టలతోనే తంటా. పర్పుల్ రంప్డ్ ఆడదానికి గొంతు బూడిద కలిసిన తెలుపు, పొట్ట పసుపు. పర్పుల్ సన్‌బర్డ్ ఆడదానికి గొంతు నుంచి పొట్టదాకా ఒకటే లేతపసుపు. పైగా పర్పుల్ సన్‌బర్డ్ మగది, గుడ్లు పెట్టే కాలం అయిపోయాక, మెరుపంతా వదిలేసి ఆడదానిలా తయారవుతుంది. అయినా గొంతు నుంచి పొట్ట మీదుగా నల్లటి చార ఒకటి మిగులుతుంది. డిసెంబరులో వెళ్ళేవారు ఆ చార కోసం వెతకండి.

గూడును గుర్తుపట్టడం ఇంకా అవసరం. సాలెగూటి దారాలు, పీచు, ఎండుటాకు ముక్కలు, బెరడు తునకలు కలిపి, వేలాడే సంచిలా కడుతుంది. ప్రక్కన గుమ్మం, దానిపై చిన్న చూరు. వరండాలో బట్టలతీగకో, కరెంటు వైరుకో వేలాడుతుంటే ఎవరికైనా బూజులాగే కనిపిస్తుంది. పండగ ముందు ఇల్లు దులిపేటప్పుడు పోయేది అందుకే. లోపల సాధారణంగా రెండు గుడ్లు. గుడ్లు పెట్టాక పిల్లలు ఎగిరిపోవడానికి సుమారు నెల పడుతుంది. ఈసారి ఫోను చేసినప్పుడు ఇంట్లో అడగండి, వరండాలో అలాంటి బూజు ఏమైనా వేలాడుతోందా అని. ఉంటే బూజుకర్రను ఆ మూలకు నెలరోజులు పోనివ్వవద్దని చెప్పండి.